ఆరింటికే భోజనం: జపాన్ పల్లె ప్రయాణం వెనక లెక్కలు

జపాన్ వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫోటోలు చూడండి. టోక్యోలో షిబుయా కూడలి, ఫుజి పర్వతం, క్యోటోలో ఎర్ర తోరణ ద్వారాల వరస, నారాలో జింకలు, ఒసాకాలో నియాన్ బోర్డుల కింద సెల్ఫీ. మొదటిసారి వెళ్ళేవాళ్ళు అవి చూడడంలో తప్పేం లేదు, నేనైనా అవే చూడమంటాను. 2024లో జపాన్‌కి వచ్చిన విదేశీయులు సుమారు 3 కోట్ల 68 లక్షల మంది. వాళ్ళలో చాలామంది ఈ ఒక్క దారే పట్టుకుంటారు. క్యోటో సిటీ బస్సుల్లో తమకి ఎక్కే చోటే ఉండడం లేదని ఆ ఊరివాళ్ళ గోల. అక్కడికి మూడు నాలుగు గంటల దూరంలో కొండ ఊళ్ళకి వెళ్ళే బస్సులో మాత్రం ఇద్దరు ముసలివాళ్ళు, ఒక హైస్కూలు పిల్ల తప్ప ఎవరూ కనపడరు. 2023లో ప్రభుత్వం లెక్కేస్తే దేశం మొత్తం మీద ఖాళీగా పడి ఉన్న ఇళ్ళు 90 లక్షలని తేలింది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఆ ఖాళీ వైపుకి వెళ్దామనుకునేవాళ్ళూ ఉంటారు. కొండల్లో నడక, వేడినీటి బుగ్గ, పాత గుడి, పల్లెలో ఎవరింట్లోనో రాత్రి బస. వినడానికి బాగుంటుంది. ప్లాన్ వేయడం మొదలుపెట్టాకే తల తిరుగుతుంది. రేటు గదికి కాదు మనిషికి అంటారు. సాయంత్రం ఐదులోపు వచ్చేయమంటారు. ఆరింటికే భోజనం అంటారు. కొన్నిచోట్ల ఆఖరి బస్సు నాలుగింటికే వెళ్ళిపోతుంది. వెజ్ అని చెబితే చేపల రసం పెడతారు. ఒక్కోటీ ఒక్కో చిరాకులా కనిపిస్తుంది. వెజ్ సంగతి వదిలేస్తే మిగతా అన్నిటికీ వేరు ఒకటే: అక్కడ మనుషులు తగ్గిపోయారు. ఉన్న కొద్దిమంది, అదీ వయసు మళ్ళినవాళ్ళు, ఒక రోజులో ఎంత పని చేయగలరో దాన్ని బట్టే మన గడియారం నడవాలి.

దేశమంతా చుట్టబెడితే ఇది అర్థం కాదు. ఒక్క ప్రాంతం పట్టుకుని చూద్దాం.

చీమల బారు నడిచిన కొండలు

ఒసాకాకి దక్షిణంగా సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండల నేల కీయి ద్వీపకల్పం. అందులో దక్షిణ కొసన ఉన్న అడవి ప్రాంతం పేరు కుమనో. అక్కడ మూడు పెద్ద ఆలయాలు: హోంగూ, షింగూ ఊళ్ళోని హయతమ, నాచి. వీటికి చేర్చే పాత కాలిబాటలన్నిటినీ కలిపి కుమనో కోదో అంటారు. 2004లో యునెస్కో ఈ కొండల్లోని పుణ్యక్షేత్రాల్నీ, వాటి మధ్య బాటల్నీ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గుళ్ళతో పాటు దారులకి కూడా ఆ హోదా రావడం అరుదు.

11 నుంచి 13వ శతాబ్దం దాకా ఈ దారిలో ఎక్కువగా నడిచింది సింహాసనం దిగిన చక్రవర్తులు. గో-షిరకవా అనే ఆయన ముప్ఫైసార్లకి పైగా వెళ్ళాడు. క్యోటో నుంచి వెళ్ళి రావడానికి నెల పట్టేది. తర్వాత సామాన్యులు మొదలుపెట్టారు. బాట మీద ఎంత రద్దీ ఉండేదంటే ‘కుమనోకి చీమల యాత్ర’ అనే మాటే జపాన్ భాషలో నిలిచిపోయింది.

ఈ దారికి ఇంకో పేరుంది, ఎవరినీ కాదనదని. పూర్వం చాలా పుణ్యపర్వతాల మీదకి ఆడవాళ్ళని రానిచ్చేవారు కాదు. కుమనో రానిచ్చింది. వెయ్యేళ్ళ కిందటి కవయిత్రి ఇజుమి షికిబు గుడి దూరం నుంచి కనపడే మలుపు దాకా వచ్చాక నెలసరి వచ్చిందనీ, ఇక లోపలికి వెళ్ళలేనని బాధపడుతూ పద్యం రాసుకుందనీ, ఆ రాత్రి కలలో దేవుడు ‘ఫరవాలేదు, రా’ అన్నాడనీ కథ. ఆ మలుపు పేరు ఫుషిఒగామి, అంటే సాగిలపడి మొక్కే చోటు. ఇప్పుడక్కడ ఓ చిన్న టీ కొట్టు ఉంది. అదే యునెస్కో జాబితాలో ఉన్న, నారా వైపు కొండల్లోని సంజోగతకే శిఖరానికి మాత్రం ఈరోజుకీ ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. దాని మీద అక్కడా వాదనలున్నాయి. మనకి వెంటనే ఏ కొండ గుర్తొస్తుందో చెప్పనక్కర్లేదు.

టూరు వెబ్‌సైట్లలో ‘ఔట్‌డోర్’ ఒక డబ్బా, ‘కల్చర్’ ఇంకో డబ్బా. ఈ కొండల్లో ఆ రెండు డబ్బాలూ పనికిరావు. నాచి దగ్గర 133 మీటర్ల జలపాతం ఉంది. దాని ముందు తోరణం, ధూపం, మొక్కేవాళ్ళు ఉంటారు కానీ లోపల విగ్రహం ఉన్న గర్భగుడి ఉండదు, ఎందుకంటే ఆ జలపాతమే దేవుడు. యమబుషి అని పిలిచే కొండ సాధువులకి నిటారు రాళ్ళెక్కడం, చల్లటి జలపాతం కింద నిలబడడం, అడవిలో రాత్రుళ్ళు గడపడం ఇవే సాధన. జపాన్ సొంత మతమైన షింతో దేవతలు, బౌద్ధ మంత్రాలు, కొండ పూజలు అన్నీ కలగలిసిన ఈ మార్గం పేరు షుగెన్‌దో. 1868లో మెయిజీ ప్రభుత్వం బుద్ధుణ్ణీ షింతో దేవతల్నీ విడదీయమని ఉత్తర్వులిచ్చింది. 1872లో షుగెన్‌దోనే నిషేధించింది. వెయ్యేళ్ళుగా కలిసి ఉన్నవాటిని కాగితం మీద విడగొట్టడమైతే జరిగింది కానీ నాచిలో షింతో ఆలయం పక్కనే, అదే ఆవరణలో అన్నట్టు, సెయ్‌గంతో-జి అనే బౌద్ధాలయం ఇప్పటికీ ఉంది. దాన్ని మొదలుపెట్టింది భారతదేశం నుంచి సముద్రంలో కొట్టుకొచ్చిన ఒక దిగంబర సన్యాసి అని స్థలపురాణం.

అడవి అనుకున్నది ఒకప్పుడు ఊరు

కుమనో బాటల్లో ఎక్కువమంది నడిచేది నకహెచి. తకిజిరి అనే చోట మొదలై హోంగూ దాకా సుమారు 38 కిలోమీటర్లు. ప్రతి 500 మీటర్లకీ ఒక నంబరు గుంజ ఉంటుంది, 1 నుంచి 75 దాకా. ఏదైనా అయితే ఏ రెండు నంబర్ల మధ్య ఉన్నామో చెబితే చాలు. దారి పొడుగునా ‘ఒజి’ అని చిన్న చిన్న ఉపాలయాలు, కొన్నిచోట్ల ఒట్టి రాయి మాత్రమే. పక్కనే చెక్క పెట్టెలో రబ్బరు స్టాంపు ఉంటుంది. ఎవరి పుస్తకంలో వాళ్ళు వేసుకోవడమే. పెద్దవాళ్ళు కూడా చిన్నపిల్లల్లా స్టాంపుల కోసం పరిగెత్తుతారు.

చుట్టూ దేవదారులాంటి పొడవాటి సుగి చెట్లు. మంచు పట్టిన పొద్దున ఆ చెట్ల మధ్య నడుస్తుంటే ఇది సృష్టి మొదటినుంచీ ఉన్న అరణ్యం అనిపిస్తుంది. కొంచెం జాగ్రత్తగా చూస్తే చెట్లు వరసల్లో ఉన్నాయని తెలుస్తుంది. జపాన్‌లో మూడింట రెండొంతుల నేల అడవే, ఆ అడవిలో దాదాపు 40 శాతం మనుషులు నాటింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇళ్ళ కలప కోసం సుగి, హినోకి చెట్లు దేశమంతా నాటారు. అవి కోతకి వచ్చేసరికి విదేశీ కలప చవకైపోయింది, కొట్టేవాళ్ళు పట్నాలకి వెళ్ళిపోయారు. నకహెచి మధ్య భాగంలో మిచినోకవా అనే చోట రాతి గోడల మెట్లు కనిపిస్తాయి. ఒకప్పుడు అవి ఇళ్ళ అరుగులు, పొలం గట్లు. ఊరు ఖాళీ అయ్యింది, ఇళ్ళు నిలిచిన చోట చెట్లు పెరిగాయి. మనం ‘ఎంత ప్రశాంతంగా ఉందో’ అని ఫోటో తీసేది ఆ ఖాళీనే.

ఇక గడియారం సంగతి ఇక్కడినుంచే మొదలవుతుంది.

ఒక రోజు ఎలా నడుస్తుంది

ఒసాకా నుంచి కురోషియో ఎక్స్‌ప్రెస్‌లో రెండు గంటలకి పైగా ప్రయాణం చేస్తే కీయి-తనబె స్టేషన్. అక్కడినుంచి తకిజిరికి బస్సు, ముప్పావుగంట లోపే. ఈ బస్సులు మన ఆర్టీసీ పల్లెవెలుగులా అరగంటకొకటి రావు. ఒకటి తప్పితే గంటా రెండు గంటలు కూర్చోవాలి. టోక్యోలో రైలు తప్పిపోతే మూడు నిమిషాల్లో ఇంకోటి వస్తుందని అలవాటు పడి వచ్చినవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు. బస్సులు తక్కువ కావడానికి ఎక్కేవాళ్ళు లేకపోవడం ఒక కారణం, నడిపేవాళ్ళు లేకపోవడం ఇంకో కారణం. 2024 ఏప్రిల్ నుంచి డ్రైవర్ల పనిగంటల నిబంధనలు కూడా బిగించడంతో ఉన్న సర్వీసులు కూడా కొన్నిచోట్ల తగ్గిపోయాయి.

పల్లె బస్సు ఎక్కే పద్ధతి కూడా వేరు. ఎక్కువగా వెనక తలుపు నుంచి ఎక్కుతారు. ఎక్కగానే మిషను నుంచి చిన్న కాగితం ముక్క లాక్కోవాలి, దాని మీద నంబరు ఉంటుంది. డ్రైవరు నెత్తి మీద బోర్డులో ఆ నంబరు కింద ఛార్జీ పెరుగుతూ పోతుంది. దిగేటప్పుడు ముందు తలుపు దగ్గర కాగితం, డబ్బులు కలిపి డబ్బాలో వేయాలి. చిల్లర మార్చే మిషను బస్సులోనే ఉంటుంది కానీ సాధారణంగా వెయ్యి యెన్ల నోటు వరకే. పదివేల నోటు తీస్తే డ్రైవరు మొహం చూడాలి. అందుకే పల్లెకి బయల్దేరే ముందు చిల్లర, నగదు రెండూ జేబులో ఉండాలి.

తకిజిరిలో దిగగానే నిటారు ఎక్కుడు. అలిపిరి మెట్లు అలవాటున్న కాళ్ళకి కొత్తేమీ కాదు, కాకపోతే ఇక్కడ మెట్లకి బదులు చెట్ల వేళ్ళు, తడి రాళ్ళు. పదమూడు కిలోమీటర్లు నడిస్తే చికత్సుయు అనే ఊరు. మొదటి రాత్రి చాలామంది అక్కడే ఆగుతారు.

అక్కడ దొరికే బస పేరు మిన్షుకు. హోటల్ కాదు, ఇంటివాళ్ళే నడిపే నాలుగైదు గదుల ఇల్లు. నడిపేది తరచుగా అరవై డెబ్భై దాటిన దంపతులు. పొద్దున్నే లేచి అతిథులకి టిఫిన్, దారిలో తినడానికి అన్నం మూట కట్టిస్తారు. తర్వాత పరుపులు ఎత్తి గదులు ఊడ్చి, కూరగాయలు తెచ్చి, మధ్యాహ్నం నుంచి రాత్రి వంట. రెండో షిఫ్టు మనుషులెవరూ లేరు. ఎనిమిదింటికి తింటామంటే ఆవిడ పదకొండింటి దాకా గిన్నెలు కడుగుతూ ఉండాలి, మళ్ళీ తెల్లవారుజామున లేవాలి. ఆరింటి భోజనం వెనక ఉన్నది ఇదే. దీన్ని జపాన్ క్రమశిక్షణ అని మెచ్చుకునేవాళ్ళున్నారు, కస్టమర్ సర్వీస్ లేదని తిట్టుకునేవాళ్ళూ ఉన్నారు. రెండూ అనవసరం.

రేటు మనిషికి ఎందుకో కూడా ఇందులోనే ఉంది. రెండు పూటల భోజనంతో కలిపి ఒక రాత్రి బస అనేది ఇక్కడి పాత పద్ధతి. ఊళ్ళో వేరే హోటలు ఉండదు, ఉన్నా రాత్రి మూసేస్తారు. కాబట్టి ‘భోజనం వద్దు, బయట తింటాం’ అని డబ్బు మిగుల్చుకోవాలనుకుంటే ఆ రాత్రి బిస్కెట్లే గతి. ఆఖరి నిమిషంలో ఒకరు తగ్గితే అప్పటికే కొన్న చేపా కూరా వృథా, అందుకే రద్దు చేసుకుంటే పూర్తి డబ్బు పట్టుకుంటామని ముందే చెబుతారు.

లగేజీ గురించి బెంగ అక్కర్లేదు. 1976లో ఒక రవాణా కంపెనీ ఇళ్ళ నుంచి పార్సిళ్ళు తీసుకెళ్ళే సేవ మొదలుపెట్టింది, తక్యూబిన్ అని. ఇప్పుడు పెద్ద సూట్‌కేసుని ఒసాకా హోటల్లో అప్పగిస్తే మర్నాడో ఎల్లుండో మీ తర్వాతి మజిలీలో ఉంటుంది. కుమనోలో అయితే ఒక బస నుంచి ఇంకో బసకి అదే రోజు చేర్చే స్థానిక సర్వీసులు కూడా ఉన్నాయి. మనం భుజాన నీళ్ళసీసా, వానకోటు, అన్నం మూట వేసుకుని నడవడమే.

ఇదంతా దానంతట అది ఏర్పడలేదు. 2005లో తనబె చుట్టుపక్కల ఊళ్ళు ఒకే మున్సిపాలిటీగా కలిశాయి. ఆ మరుసటి ఏడాది అక్కడి పర్యాటక సంఘాలు కలిసి తనబె నగర కుమనో టూరిజం బ్యూరో పెట్టుకున్నాయి. టూరు బస్సుల్లో వచ్చి గంటలో ఫోటో దిగి వెళ్ళేవాళ్ళు వద్దు, నడిచి రెండు మూడు రాత్రులు ఉండేవాళ్ళు కొద్దిమంది చాలు అని నిర్ణయించుకున్నారు. ఒకే ఊరి పేరు ఒక్కో బోర్డు మీద ఒక్కోలా ఉంటే అన్నీ ఒకటి చేశారు. ఇంగ్లీషు రాని మిన్షుకు ముసలమ్మ దగ్గర మనం గది బుక్ చేసుకోగలుగుతున్నామంటే మధ్యలో ఈ బ్యూరో వాళ్ళ బుకింగ్ వ్యవస్థ ఉండబట్టే. స్పెయిన్‌లోని సాంటియాగో యాత్రా మార్గంతో జత కట్టి, రెండూ నడిచినవాళ్ళకి ‘జంట యాత్రికుడు’ గుర్తింపు కూడా ఇస్తారు. జపాన్‌లో అందమైన కొండ ఊళ్ళు వందలున్నా కొన్నిటికే విదేశీయులు సులువుగా చేరగలగడానికి కారణం ఇలా కూర్చుని బోర్డులు సరిచేసిన మనుషులే అని నా లెక్క.

వెజ్ అంటే ఏమిటి?

మనలో శాకాహారులకి అసలు టెన్షన్ ఇక్కడే. మాంసం వద్దని చెబితే అక్కడివాళ్ళకి అర్థమయ్యేది గొడ్డు, పంది, కోడి మాంసం వద్దని. చేప ఆ లెక్కలోకి రాదు. చేప కూడా వద్దంటే ముక్కలు తీసేస్తారు. అప్పటికీ దాషి మిగిలిపోతుంది. దాషి అంటే జపాన్ వంటకి పునాది లాంటి కషాయం. ఎండబెట్టి పొగబెట్టిన కత్సువో చేపని పొరలుగా గీసి నీళ్ళలో మరిగించి తీస్తారు. మిసో సూప్, ఉడికించిన కూర, నూడుల్స్ పులుసు, చివరికి పాలకూర మీద చల్లేది కూడా అదే. ముక్క కనపడదు కాబట్టి అది వెజ్జే అనుకుని పప్పులో కాలేసినవాళ్ళు చాలామంది. అందుకే ‘వెజ్’ అన్న ఒక్క మాట మీద ఆధారపడకుండా, చేప దాషి కూడా తినమని జపనీస్‌లో రాసిన కాగితం చూపించాలి. అదీ వెళ్ళాక కాదు, బుక్ చేసేటప్పుడే. ముందు చెబితే చాలామంది సర్దుబాటు చేస్తారు. అప్పటికప్పుడు చెబితే ఆ ముసలమ్మ దగ్గర వేరే ఏమీ ఉండదు, ఆమె బాధపడుతుంది, మనం పస్తుంటాం.

పూర్తి శాకాహారం వ్యవస్థగా ఉన్న చోటు కూడా ఇదే ద్వీపకల్పంలో ఉంది. కుమనోకి ఉత్తరాన, సుమారు 800 మీటర్ల ఎత్తున కోయాసాన్. 816లో కూకై అనే సన్యాసి షింగాన్ అనే మంత్రమార్గపు బౌద్ధానికి కేంద్రంగా దీన్ని మొదలుపెట్టాడు. ఒసాకాలోని నంబా నుంచి రైలు, ఆపైన కేబుల్ కార్. ఇప్పుడక్కడ నూటికి పైగా ఆలయాలు, వాటిలో యాభై దాకా యాత్రికులకి బస ఇస్తాయి. ఆ బస పేరు షుకుబో, భోజనం పేరు షోజిన్ ర్యోరి. దాషి కూడా కొంబు అనే సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులతో తీస్తారు. మాంసం, చేప లేవు. ఉల్లి, వెల్లుల్లి లేవు. మన ఇళ్ళలో వ్రతం రోజు వంటలాగే. నువ్వులు రుబ్బి పిండితో గడ్డకట్టించే గోమా-దోఫు ఇక్కడి ప్రత్యేక వంటకం.

ఆ భాషలో గోమా అంటే నువ్వులు, పొద్దున్నే గుళ్ళో చేసే అగ్నికార్యం పేరు కూడా గోమానే. ఈ రెండో గోమా మన హోమమే, మాట కూడా సంస్కృతం నుంచి వెళ్ళిందే. చెక్కపుల్లలు నేతిలాంటి నూనె మంటలో వేస్తూ సంస్కృత బీజాక్షరాలు చదువుతుంటే మన పెద్దవాళ్ళెవరైనా కూర్చుని చేతులు జోడిస్తారు. షింగాన్ గురుపరంపరలో మూడోవాడు నాగార్జునుడు. దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపం తలుపులు తెరిచి ఆయన ఈ మంత్రశాస్త్రాన్ని అందుకున్నాడని వాళ్ళ సంప్రదాయం. ఆ స్తూపం మన అమరావతి స్తూపమే అయ్యుంటుందని ఊహించిన పండితులు ఉన్నారు. రుజువైన సంగతి కాదు గానీ, గుంటూరు నుంచి వెళ్ళిన మనిషి కోయాసాన్ మెట్ల మీద కూర్చుని ఆలోచించుకోవడానికి ఇది చాలు.

ఇంకోటి. తనబె పక్కనే ఉన్న మినాబె జపాన్‌లో ఉమె అనే పుల్లటి కాయలకి రాజధాని. ఆ కాయల్ని ఉప్పులో ఊరేసి ఎండబెట్టి చేసేది ఉమెబోషి. ఊరు చుట్టూ ఎండలో చాపల మీద, తట్టల్లో ఆ కాయలు ఆరబోసి ఉంటే ఎండాకాలం మన మేడల మీద మాగాయ ముక్కలే గుర్తొస్తాయి. కారం ఉండదు, ఒట్టి ఉప్పూ పులుపూ. తెల్లన్నంలో అదొక్కటి పెట్టుకుని పూట గడిపేయొచ్చు. దీన్లో కూడా చేపపొడి కలిపిన రకం ఒకటుంది, చూసి కొనాలి.

నీళ్ళలో దిగే ముందు

నడిచిన కాళ్ళకి మందు ఓన్సెన్, అంటే వేడినీటి బుగ్గ స్నానం. 1948 నాటి చట్టం ప్రకారం భూమిలోంచి వచ్చే నీరు 25 డిగ్రీలకి తక్కువ కాకుండా ఉండాలి, లేదా నిర్ణయించిన ఖనిజాల్లో ఏదైనా తగినంత ఉండాలి. అంటే ఓన్సెన్ అన్న ప్రతిదీ పొగలు కక్కే బుగ్గేం కాదు, కాచి పోసేవీ ఉంటాయి. హోంగూ దగ్గరి యునోమినె అనే ఊళ్ళో మాత్రం పొగలు కక్కేదే. ఊరి మధ్య వాగు పక్కన మరిగే నీళ్ళ తొట్టి ఉంటుంది, వలసంచిలో కోడిగుడ్లు, చిలగడదుంపలు కట్టి అందులో వేలాడదీస్తారు. గుడ్లు పదిహేను నిమిషాల్లో ఉడుకుతాయి, దుంపలకి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. శాకాహారులకి ఆ చిలగడదుంప ఒక వరం.

మనవాళ్ళకి మింగుడుపడని విషయం ఒకటే: బట్టల్లేకుండా దిగాలి. ఈతదుస్తులు, నడుముకి తువ్వాలు ఏవీ ఒప్పుకోరు. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరువేరు. గుమ్మానికి మామూలుగా నీలం తెర మగవాళ్ళకి, ఎర్రతెర ఆడవాళ్ళకి. కానీ చాలా సత్రాల్లో రాత్రికీ పొద్దుటికీ ఆ రెండు గదుల్నీ అటూ ఇటూ మార్చేస్తారు. రాత్రి వెళ్ళిన గుర్తుతో పొద్దున్నే నిద్రమత్తులో అదే గదిలోకి దూరితే పరువు పోతుంది. తెర చూసే వెళ్ళాలి. లోపల చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా ఒళ్ళు కడుక్కున్నాకే తొట్టిలోకి. తొట్టి ఒళ్ళు కడుక్కోవడానికి కాదు, అందరూ కలిసి నానడానికి. తువ్వాలు నీళ్ళలో ముంచకూడదు, నెత్తి మీద మడిచి పెట్టుకుంటారు.

నలుగురిలో కుదరదు అనుకుంటే కుటుంబానికి విడిగా గంటసేపు ఇచ్చే స్నానపు గదులుంటాయి, కషికిరి అని అడగాలి. ఒంటి మీద పచ్చబొట్టు ఉన్నవాళ్ళకీ అదే మార్గం, ఎందుకంటే ముఠాల గుర్తుగా భావించి చాలాచోట్ల పచ్చబొట్లున్నవాళ్ళని రానివ్వరు. యునోమినెలోనే త్సుబోయు అని వాగు ఒడ్డున చెక్క గుడిసెలో ఒక రాతి గుంట ఉంది. ఇద్దరు పడతారు. నంబరు తీసుకుని కూర్చుంటే వంతు వచ్చాక అరగంట మీది. హోంగూ వెళ్ళే యాత్రికులు ఇక్కడ శుద్ధి స్నానం చేసేవాళ్ళు కాబట్టి ఆ గుంట కూడా యునెస్కో వారసత్వంలో భాగమే. వారసత్వ జాబితాకెక్కిన చోట చేరగిలబడి కూర్చుని నానే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుందో నాకు తట్టడం లేదు.

పాసులు, పట్టాలు

జపాన్ అనగానే అందరూ రైలు పాసు గురించి అడుగుతారు. దేశమంతా తిరిగే ఏడు రోజుల పాసు 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి ఒక్కసారిగా 50,000 యెన్లకి పెరిగింది. అప్పట్నుంచి అది చాలామందికి గిట్టుబాటు కాదు, పల్లెలకి వెళ్ళేవాళ్ళకి అసలే కాదు, ఎందుకంటే అక్కడ తిరిగేది బస్సుల్లో, ప్రైవేటు రైళ్ళలో. ప్రాంతాల వారీ పాసులు చవక. కన్సాయ్ వైడ్ ఏరియా పాసులో ఒసాకా నుంచి షింగూ దాకా వస్తుంది. కారు నడుపుకోవాలనుకుంటే మనకి రెండు అనుకూలాలు: మన ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అక్కడ చెల్లుతుంది, అక్కడ కూడా ఎడమవైపే నడపాలి. కానీ కొండ దారుల్లో ఒకే వరస రోడ్లు ఉంటాయి, పైగా నడక బాటకి కారు తోడు రాదు. మొదలైన చోట వదిలి 38 కిలోమీటర్లు నడిచాక మళ్ళీ దానికోసం వెనక్కి వెళ్ళాలి.

ఆ షింగూ లైను కూడా ఎల్లకాలం ఇలాగే ఉంటుందన్న భరోసా లేదు. 2022లో పశ్చిమ జపాన్ రైల్వే సంస్థ నష్టాల్లో ఉన్న లైన్ల లెక్కలు బయటపెట్టింది. షిరహమా నుంచి షింగూ దాకా ఉన్న ముక్క ఆ జాబితాలో ఉంది.

కాలం విషయానికొస్తే ఏప్రిల్, మే, అక్టోబరు, నవంబరు మంచివి. జూన్ వర్షాలు, ఆగస్టు సెప్టెంబరు తుఫాన్లు ఇక్కడ మామూలు మాట కాదు. ద్వీపకల్పం తూర్పు తీరాన ఒవాసె ఊళ్ళో ఏడాదికి దాదాపు 4,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అంటే హైదరాబాద్‌కి ఐదు రెట్లు. ఆ వైపు బాటకి అంత పెద్ద రాళ్ళు పరిచింది దారి కొట్టుకుపోకుండానే. ఏప్రిల్ ఆఖరు నుంచి మే మొదటివారం దాకా జపాన్‌వాళ్ళకే వరస సెలవులు, ఆ రోజుల్లో బస దొరకదు.

ఎలుగుబంట్ల వార్తలు చూసి భయపడేవాళ్ళున్నారు. 2025లో జపాన్‌లో ఎలుగుల దాడుల్లో పదిమందికి పైగా చనిపోయిన మాట నిజం. అవి ఎక్కువగా ఉత్తరాన అకితా, ఇవాతె వైపు. అక్కడ కూడా కథ మనుషులు తగ్గడం దగ్గరికే వస్తుంది. ఊరికీ అడవికీ మధ్య పొలాలు చేసేవాళ్ళు లేక పొదలు పెరిగి, జంతువు ఇంటి గుమ్మం దాకా వస్తోంది. ఉత్తరాన కొండలెక్కేవాళ్ళు సంచికి గంట కట్టుకుంటారు.

కుమనోకి బదులు ఇంకో చోటికి వెళ్ళినా పద్ధతి ఇదే. యమగతాలో హగురో కొండకి 2,446 మెట్లు, కింద ఊళ్ళో యమబుషిల షుకుబోలు. షికోకు దీవిలో 88 గుళ్ళ యాత్ర సుమారు 1,200 కిలోమీటర్లు, దారిలో ఊరివాళ్ళు యాత్రికుల చేతిలో నారింజలు పెడతారు. షిరకవా-గోలో గడ్డికప్పు ఇళ్ళు పగలంతా జాతర, సాయంత్రం టూరు బస్సులు వెళ్ళిపోయాక అసలు ఊరు బయటపడుతుంది. ఫుజి మీద కూడా 2025 నుంచి 4,000 యెన్ల రుసుము కట్టాలి. పైన గుడిసెలో పడక బుక్ చేసుకోనివాళ్ళని మధ్యాహ్నం రెండు దాటాక ఎక్కనివ్వరు.

మూడే రోజులుంటే నేనైతే ఇలా చేస్తాను. మొదటి రాత్రి కోయాసాన్‌లో. రెండోరోజు దిగి తనబె మీదుగా బస్సులో యునోమినె. మూడోరోజు పొద్దున బస్సులో హొష్షిన్‌మోన్ దాకా వెళ్ళి అక్కడినుంచి హోంగూకి ఏడు కిలోమీటర్లు, దాదాపు అంతా దిగుడే, పిల్లలు కూడా నడవగలరు. ఆ పేరుకి అర్థం బోధిచిత్తం, అంటే జ్ఞానం పొందాలన్న సంకల్పం, పుట్టే గుమ్మం. ఇజుమి షికిబు ఆగిన ఫుషిఒగామి ఆ దారిలోనే ఉంది. గుడి చూశాక రోడ్డు దాటి ఒయునొహరాకి వెళ్ళండి. 1889 వరదకి ముందు ఆలయం ఉన్నది ఆ నది ఒడ్డునే. ఇప్పుడక్కడ 33.9 మీటర్ల ఉక్కు తోరణం, లోపల చెట్ల మధ్య ఖాళీ గడ్డి నేల. జనం అక్కడ కూర్చుని అన్నం మూట విప్పుకుంటారు. తొందరేం లేదు, కాకపోతే బస్టాపులో షింగూ బస్సుల టైము బోర్డు ముందే ఫోటో తీసి పెట్టుకోండి.